వెనక ఎడమ చక్రం

మొన్న ఫోన్లో మాట్లాడుతుంటే వంటింటి కిటికీలో ఏదో కూత పెట్టింది, అదేంది అమ్మమ్మా అని అడిగావు కదా చిన్నోడా. అది కారు టైర్లలో గాలి ఎంతుందో చెప్పే డబ్బా. అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దది. నెత్తిన నల్ల పలక ఉంటుంది, దాని మీద ఎండ పడితే చాలు, వేరే కరెంటు అక్కర్లేదు. కారు లేని ఇంట్లో అదెందుకని నీ చెల్లెలు అడిగింది. సరిగ్గా అప్పుడే మీ అమ్మ ఫోను మీ చేతికిచ్చి పక్క గదిలోకి వెళ్ళిపోయింది. ఎందుకు వెళ్ళిందని మీరిద్దరూ అడగలేదు. మీరు అడిగినదానికి జవాబు చెప్పేశాను. అడగనిదానికి కొంచెం సేపు పడుతుంది.

మీ తాతకు పటాన్‌చెరు బజారులో ఇనుప సామాను షాపు ఉండేది. నట్లు, బోల్టులు, గొలుసులు, వెల్డింగు కడ్డీలు. పొద్దున పటేల్‌గూడలోని ఈ ఇంటి నుంచి కారులో షాపుకు వెళ్ళేవారు, మధ్యాహ్నం ఆ చుట్టుపక్కల షెడ్లకు తానే సరుకు ఇచ్చి వచ్చేవారు. ఇక్కడి రోడ్ల సంగతి మీకు తెలియదు. తుక్కు లారీలు పోతూ పోతూ లేతు మెషిన్ల కింద మిగిలిన ఇనుప చుట్టల్ని రాలుస్తాయి. చూడటానికి ఉంగరాల జుట్టులా మెరుస్తుంటాయి, టైర్లో దిగితే మాత్రం బయటికి రావు. నా షాపులో అమ్మిన మేకు తిరిగి నా టైర్లోకే వచ్చిందని మీ తాత నవ్వేవారు.

అందుకని ఆయనకొక అలవాటు. పొద్దున గేటు తీశాక కారు చుట్టూ గుళ్ళో తిరిగినట్టు తిరగాలి. ముందు ఎడమ చక్రంతో మొదలు. కారు ముందు నుంచి వచ్చి ముందు కుడి, ఆ తర్వాత వెనక కుడి, ఆఖరికి వెనక ఎడమ. ప్రతి చక్రం దగ్గరా వంగి బొటనవేలితో నొక్కి, అరచేత్తో ఒక దెబ్బ వేసేవారు. ఏ టైరు మీదైనా అనుమానం వస్తే గాలి కొట్టే చోట ఉన్న మూత తిప్పి తీసి, లోపలి పిన్నును గోటితో నొక్కి, బుస్సుమనే చప్పుడు విని మళ్ళీ మూత పెట్టేవారు. ఇల్లైనా, షాపైనా, దారిలో చాయ్ తాగడానికి ఆగినా సరే, ఒక చుట్టు తిరగనిదే బండి ఎక్కేవారు కాదు. నేను వంటింట్లో ఉండి ఆ దెబ్బలు వినేదాన్ని. నాలుగో దెబ్బ వినపడగానే చాయ్ గ్లాసులో పోసేదాన్ని. అది పోసే వేళకు ఆయన గుమ్మంలో ఉండేవారు.

మోకాలికి ఆపరేషన్ అయ్యాక వంగడం కష్టమైంది. డాక్టరు వద్దన్నా వంగేవారు. ఒకరోజు మూడు దెబ్బలు వినపడ్డాయి, నాలుగోది వినపడలేదు. నేను పోయి చూస్తే వెనక చక్రం పట్టుకుని కింద కూర్చుని ఉన్నారు, లేవలేకపోతున్నారు. పక్కింటాయన వచ్చి పట్టుకుంటే లేచారు. ఆ సంగతి నేనే మీ అమ్మకు ఫోన్లో చెప్పాను. వారం తిరగకుండా నాగపూర్ నుంచి ఒక పార్సిల్ వచ్చింది. అందులో ఈ డబ్బా, దాంతోపాటు నాలుగు నల్ల మూతలు. ఇగ బాపు వంగే పని లేదని మీ అమ్మ ఫోన్లో ఎంత సంతోషపడిందో. చిన్నప్పుడు బతుకమ్మ పేర్చి అందరినీ పిలిచి చూపించినప్పుడు ఆ గొంతు విన్నాను, మళ్ళీ అప్పుడే విన్నాను.

మీ తాత ఆ పార్సిల్‌ను తీసుకుని తనకు పాత దోస్తైన పంక్చర్ షాపాయన దగ్గరికి వెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను. ఆ షాపు పటాన్‌చెరు పోయే దారిలో ఉంటుంది. ఆయన ముస్లిం, మీ తాత షాపులో సామాను కొనేవాడు, ఇద్దరికీ మాటల పోటీ. మూతల్ని అరచేతిలో పెట్టుకుని తిప్పి చూసి, కొత్త కార్లకు ఇవి చక్రం లోపలే ఉంటాయని, మన పాత బండికి లోపల పెట్టాలంటే టైర్లన్నీ ఊడదీయాలని, ఈ రకం అయితే పాత మూత తీసి ఇది బిగిస్తే సరిపోతుందని చెప్పాడు.

"ఇగ మీ బొటనవేలికి రిటైర్మెంటే సేట్," అన్నాడు బిగిస్తూ.

"ఈ వేలు పుట్టినకాడికెల్లి పనిజేస్తుంది. నీ డబ్బా యాడాదన్న జేస్తదా, సూస్త," అన్నారు మీ తాత.

మూతల నెత్తిన ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలున్నాయి. ఒకటి ముందు ఎడమకు, రెండు ముందు కుడికి, మూడు వెనక ఎడమకు, నాలుగు వెనక కుడికి. డబ్బా మనిషి కాదు కదా, అంకెను బట్టే ఏ చక్రమో చెబుతుంది. బిగించాక సబ్బు నురగ పూసి బుడగలు వస్తాయేమో చూశాడు. డబ్బాను అద్దం ముందు అంటించగానే చిన్న కారు బొమ్మ వెలిగింది, నాలుగు మూలలా నాలుగు అంకెలు. మీ తాత ఆ అంకెల్ని చూడలేదు. పాత మూత ఒకటి తీసుకుని లోపలి మరను వేలితో తడుముతూ, కొత్తదాని మర ఎంత సన్నగా కోశారో చూడమని నాకు చూపించారు. ఇనుము అమ్మే మనిషికి ఇనుమే కనపడుతుంది.

డబ్బా వచ్చాక కూడా చుట్టు తిరగడం మానలేదు. వంగి నొక్కడం మానేసి, కారు ఒంటి మీదే నాలుగు మూలలా నాలుగు దెబ్బలు వేసేవారు. నా చాయ్ వేళ మారలేదు.

ఆ ఏడు దసరాకు మామూలుగానే షాపులో తరాజు, తూకం బాట్లు, సుత్తి, పానాలు అన్నీ కడిగి పూజకు పెట్టాం. ఆయుధపూజ అంటే మా ఇంట్లో అన్నం పెట్టే ఇనుమంతటికీ పూజ. కారు కడిగాక మీ తాత ఆ నాలుగు మూతల్ని కూడా తీసి తెచ్చారు. ఇవి మన ప్రాణం కాపాడేవి, వీటికి బొట్టు లేకపోతే ఎట్లా అన్నారు. పళ్ళెంలో బాట్ల పక్కన పెట్టి ఒక్కోదానికి పసుపు ముద్దగా రాసి, కుంకుమ అద్దారు. హారతి అయ్యాక ఆయనే తీసుకుపోయి బిగించారు. పసుపు కింద అంకెలు కనపడలేదు. ఏది చేతికొస్తే అది ఏ చక్రం ముందుంటే దానికి. టైర్లన్నింటిలో గాలి సమంగానే ఉంది కాబట్టి డబ్బాలో ఏ తేడా కనపడలేదు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, జమ్మికి వెళ్ళొచ్చాం. అప్పటి నుంచి ఎండాకాలం దాకా ఆ మూతలు అట్లాగే తిరిగాయి.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఆయన కర్దనూర్ వైపు ఒక షెడ్డుకు గొలుసులు ఇవ్వడానికి వెళ్ళారు. ఇచ్చారు కూడా. తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు పక్కన కారు ఆగి ఉంది. అవతలి పక్క, కాస్త వెనకగా, చెరకు రసం బండి. ఆ బండాయన చూసేసరికి మీ తాత వెనక ఎడమ చక్రానికి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని కారు నీడలో కూర్చున్నారట. పెద్దమనిషి అలసట తీర్చుకుంటున్నాడనుకున్నాడు. గిరాకీ తగ్గాక చెంబుతో నీళ్ళు తీసుకుని దాటి వెళ్ళాడు. పిలిస్తే పలకలేదు. కారు లోపల డబ్బా ఒకటే కూత. ఆస్పత్రిలో గుండె అన్నారు. తీసుకొచ్చేసరికే అయిపోయిందన్నారు. చేతి గడియారం, కళ్ళజోడు, పిడికిట్లో ఉన్న ఒక నల్ల మూత నాకిచ్చారు. మూత మీద పసుపు ఇంకా ఉంది.

మీ అమ్మ వచ్చింది. అప్పుడు మీరు మరీ చిన్నవాళ్ళు. కర్మలన్నీ అయ్యాక కారును వాకిట్లోంచి పక్కకు పెడదామని ఎక్కి తాళం తిప్పింది. డబ్బా కూసింది. కారు బొమ్మలో ముందు ఎడమ చక్రం ఎర్రగా, పక్కన సున్నా. మీ అమ్మ దిగి వెళ్ళి ఆ చక్రాన్ని నొక్కింది. రాయిలా ఉంది. మిగతా మూడూ నొక్కింది. అన్నీ నిండుగా ఉన్నాయి. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. నా వైపు చూడకుండానే అంది.

"టైర్లన్నీ మంచిగనే ఉన్నయమ్మా. నేను పంపిన డబ్బా ఉత్తగనే మొత్తుకుని, బాపును ఎండల దింపింది."

ఆ ఒక్క మాటే. మళ్ళీ ఎప్పుడూ అనలేదు. అనకపోవడమే నాకు భయం. మీ కారులో స్టీరింగ్ వెనక గడియారాల మధ్య ఒకచోట నల్ల టేపు ముక్క అంటించి ఉంటుంది, చూశారా? గాలి తగ్గితే ఆ చోట గుర్తు వెలుగుతుంది. ఆ టేపు మీ నాన్న అంటించింది కాదు.

మీ అమ్మ నాగపూర్ వెళ్ళిపోయాక పంక్చర్ షాపాయనను ఇంటికి పిలిపించాను. దుకాణం మీద వేరేవాళ్ళను కూర్చోబెట్టి వచ్చాడు. నేను మీ అమ్మ అన్న మాట చెప్పాను. ఆయన ముందు కుడి చక్రం దగ్గర కూర్చుని ఆ మూతను తిప్పి తీశాడు. లోపల డబ్బా కూసింది. మళ్ళీ బిగిస్తే ఆ చక్రం అంకె తిరిగొచ్చింది.

"మూత తీస్తె దానికి గాలి తగలదమ్మా. సున్న అనుకుంటది. సేట్ మూత తీసినందుకే మొత్తుకుందేమో. గంతకు ముందు సప్పుడు జెయ్యలేదేమో," అన్నాడు.

మీ తాత పిడికిట్లో దొరికిన మూతను తెచ్చిచ్చాను. ఆయన గోటితో పసుపు గీకాడు. కింద ఒకటి అని ఉంది. వెనక ఎడమ చక్రానికే మూత లేదు, అంటే ఇది అక్కడిదే. కానీ ఒకటో మూత ఉండాల్సింది ముందు ఎడమకు. ముందు ఎడమ చక్రం దగ్గరికి పోయి అక్కడి పసుపు గీకితే మూడు. దసరా పళ్ళెం నాకు కళ్ళముందు కనపడింది. చెప్పాను. ఆయన నుదురు కొట్టుకుని, నవ్వబోయి ఆపుకున్నాడు.

తర్వాత నింపాదిగా చెప్పాడు. ఈ ఒకటో మూత వల్ల డబ్బా ముందే మోగి ఉంటే అది ముందు ఎడమ చక్రాన్ని చూపించి ఉండేది, మూతలు మారిన సంగతి సేట్‌కు తెలియదు కాబట్టి ముందు ఎడమ దగ్గరికే వెళ్ళేవాడు, ఆ మూతే తీసేవాడు. ఆయన కూర్చుంది వెనక. అంటే డబ్బా చెబితే దిగలేదు, తనంతట తానే ఆగాడు, రసం తాగుదామనో, ఒంట్లో బాగాలేకనో. అలవాటుగా చక్రం చూశాడు, మూత తీశాడు, అప్పుడు మోగింది.

నేను ఫోను కోసం లోపలికి రాబోయాను. మీ అమ్మకు ఆ క్షణమే చెప్పాలనిపించింది. గుమ్మం దాటబోతుంటే వెనక దెబ్బ వినపడింది. తిరిగి చూస్తే ఆయన మీ తాతలాగే ముందు ఎడమ చక్రం మీద అరచేత్తో కొట్టాడు. కారు ముందు నుంచి వచ్చి ముందు కుడి. వెనక కుడి. ఆఖరికి వెనక ఎడమ దగ్గర ఆగి, చెయ్యి దాని మీదే పెట్టి నిలబడ్డాడు.

"డబ్బా చెప్పిన చక్రం గట్టిగుంటె, సేట్ ఊకుంటడా అమ్మా? ఒక చుట్టు తిరుగుతడు గదా. తిరిగితె ఆఖరికి ఈడికే వస్తడు," అన్నాడు.

నేను ఫోను ముట్టుకోలేదు.

కొన్నాళ్ళకు చెరకు రసం బండి దగ్గరికి వెళ్ళాను. ఆటోలో వెళ్ళి, ఆ చెట్టు లేని రోడ్డు పక్కన దిగి, మీ తాత కారు ఆగిన చోటు ఏదని అడిగితే బండాయన చూపించాడు. అక్కడ నేల మీద ఏ గుర్తూ లేదు, తుక్కు లారీ రాల్చిన ఇనుప చుట్టలు రెండు మెరుస్తున్నాయి. కూర్చోమని స్టూలు వేశాడు. కారు ఆగేటప్పుడు చూశావా, కూత కారు ఆగకముందే వినపడిందా, ఆయన దిగాకనా అని అడిగాను. అతను తన మిషను చక్రాన్ని చేత్తో ఒకసారి తిప్పాడు. దానికి గజ్జెలు కట్టి ఉన్నాయి. ఘల్లుమన్నాయి. అవి మోగుతుంటే పక్కన లారీ హారన్ కూడా తనకు వినపడదని, కారు ఎప్పుడు ఆగిందో కూడా చూడలేదని చెప్పాడు. తర్వాత నా ముఖం చూశాడు. ఆ ముఖంలో ఏం కనపడిందో తెలియదు.

"నీకు ఏది మంచిగనిపిస్తె అది జెప్త అమ్మా. నీ బిడ్డకు ఫోన్ గలుపు, నేనే జెప్త," అన్నాడు.

మంచి మనిషి. ఫోను నా ఒళ్ళోనే ఉంది. అతను ఆ మాట మీ అమ్మకు చెబితే మీ అమ్మ నమ్మేది, రాత్రి పడుకునేది. ఆ తర్వాత ఎప్పుడో ఒకనాడు ఆ రోడ్డు మీద వస్తూ, రసం తాగుదామని ఆగి, ఆ గజ్జెలు వినేది. నా బిడ్డ సంగతి నాకు తెలుసు, చక్రం మీద చెయ్యి వేయనిదే బండి ఎక్కని మనిషి కూతురు. అతనిచ్చిన రసం తాగి, గ్లాసు కడిగిచ్చి వచ్చేశాను.

ఆ డబ్బాకు గుర్తు పెట్టుకునే గుణం ఉంటే బాగుండేది. అది కూడా పంక్చర్ షాపాయనను అడిగాను. నిన్నటిది దానికి తెలియదట. ఇప్పుడు ఎంతుందో అదే చెబుతుందట.

కారును కొండాపూర్ మండలంలో కూరగాయలు పండించే ఒకాయన తీసుకున్నాడు. మూడు మూతలు దానితోనే వెళ్ళాయి. ఒకటో మూతను నేను ఇవ్వలేకపోయాను, దేవుడి గూట్లో పెట్టుకున్నాను. ఒక మూత లేకపోతే డబ్బా ఊరుకోకుండా కూస్తుంటుంది, మీ దగ్గరే ఉంచండి అని ఆయన డబ్బాను ఇచ్చేశాడు. ఎక్కడ పెట్టాలో తోచక వంటింటి కిటికీలో పెట్టాను. అక్కడ పొద్దుటి ఎండ పడుతుందని నాకు అప్పుడు గుర్తు లేదు.

మొదటిసారి అది లేచిన రోజు నేను బియ్యం కడుగుతున్నాను. కూత విని చేతులు తుడుచుకోకుండానే చూస్తే, కారు బొమ్మ వెలిగి ఉంది. మూడు మూలలా అంకెలు. ముందు ఎడమ దగ్గర మాత్రం సున్నా, ఎర్రగా. ఇంట్లో ఎవరూ లేరు. బయట ఎవరూ లేరు. గిన్నె పక్కన పెట్టి గూటి దగ్గరికి వెళ్ళి మూతను పట్టుకుని చూశాను. చల్లగా ఉంది. అందులోని బ్యాటరీ అప్పటికే అయిపోయింది. మళ్ళీ కిటికీ దగ్గరికి వచ్చేసరికి అంకెలు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

చాలా రోజుల తర్వాత తెలిసింది. ఇంటి ముందు స్పీడ్ బ్రేకర్ ఉంది కదా, కూరగాయలాయన పటాన్‌చెరు మార్కెట్‌కు పోతూ ఆ కారును అక్కడ నెమ్మది చేస్తాడు. డబ్బా తన మూతల్ని గుర్తుపడుతుంది. అంతే. ఆ కారేనని తెలిసింది కాబట్టి ఇక భయం ఉండకూడదు. కానీ నేను ఆ చప్పుడు విని గేటు వైపు పోను. కాళ్ళు స్టవ్ వైపే పోతాయి. ఒకటి, రెండు, మూడు అని ఎవరో బయట చేత్తో కొడుతున్నట్టే వింటాను. చాయ్ గిన్నె పట్టుకుని నాలుగోదాని కోసం నిలబడతాను. ఒక్కోసారి పొంగి స్టవ్ మీద పడుతుంది. దాన్ని తీసేయమంటారా అని పంక్చర్ షాపాయన ఆ దారిన వచ్చినప్పుడల్లా అడుగుతాడు. ఉండనీ అంటాను.

పోయిన సెలవుల్లో మీరంతా వచ్చినప్పుడు, మీరు మేడ మీద ఆడుకుంటుంటే, కింద అది మోగింది. మీ అమ్మ కూర తరుగుతూ ఉంది. కత్తిపీట మీదినుంచి లేవలేదు. అంకెలు ఆరిపోయేదాకా అటే చూసింది. తర్వాత ఎన్నో ఏళ్ళుగా దాచుకున్న మాట అడిగింది.

"నువ్వు అడిగినవా అమ్మా ఎవర్నన్న?"

"అడిగిన బిడ్డా. పంక్చర్ షాపాయన్ను అడిగిన. రసం బండాయన్ను అడిగిన."

"ఏమన్నరు?"

"ఎవ్వరికి తెల్వదు."

మీ అమ్మ తల ఊపి, మిగిలిన వంకాయలు తరిగింది. ముక్కలన్నీ ఒక్క తీరుగా తరిగింది. నేను అబద్ధం చెప్పి ఉంటే ఇంకొంచెం వేగంగా తరిగేదేమో, నాకు తెలియదు. వెళ్ళేటప్పుడు గేటు దగ్గర మీ కారు చుట్టూ ఒకసారి తిరిగింది, అది మాత్రం చూశాను. నాలుగు దెబ్బలూ విన్నాను.

కాబట్టి చిన్నోడా, అమ్మ ఎందుకు లేచి వెళ్ళిందో మీ అమ్మను అడగకు. ఆ టేపును కూడా పీకకు. మీ అమ్మ తనంతట తాను తీసేవరకు ఉండనీ. అడగాలనిపిస్తే నన్నడుగు. నేను కూడా పొద్దున ఆ డబ్బా ముందు నిలబడి, అది లేచినప్పుడల్లా ఒక్కటే అడుగుతుంటాను, అది మూడు అంకెలు చూపించి ఆరిపోతుంది. ఆ రోజు నువ్వు పిలిస్తే ఆయన ఆగారా, ఆయన ఆగినాక నువ్వు పిలిచావా?